సగందారి స్తంభం

“స్తంభం దాటేశానక్కా. నువ్వు చూశావుగా, చెప్పు,” అన్నాడు ఈనక్, బొగ్గుబళ్ళను కింద స్తంభం దగ్గరే ఆపి పరుగెత్తుకొచ్చి, పబ్బు గుమ్మంలో నిలబడి రొప్పుతూ.

యజమానురాలు థామసిన్ గ్లాసు తుడవడం ఆపలేదు.

ఆ కొండమీదికి ఇంకా ఇంజన్లు రాలేదు. పట్టాల మీద బళ్ళను గుర్రాలే లాగేవి. పట్టా ఒక్కటే. ఎక్కే బండికీ దిగే బండికీ పేచీ వస్తే, సగందారి స్తంభాన్ని ముందు దాటినవాడిదే దారి. రెండోవాడు పక్కపట్టా మీదికి తప్పుకోవాలి. ఆ స్తంభం కనిపించేది పబ్బు కిటికీలోంచే. అందుకని ఎప్పుడు తగువొచ్చినా థామసిన్ మాటే తీర్పు. ఆమె ఏనాడూ ఒకరి పక్షం పలకలేదు.

పబ్బు ముందు నిలిపిన ప్రయాణికుల బండి గిల్బర్ట్‌ది. అతను మీసాల మీది బీరు నురుగు తుడుచుకున్నాడు.

“ఖాళీ బొగ్గుపెట్టెలకి అంత తొందరేంట్రా? మసికి పెళ్ళేమైనా కుదిరిందా?”

“నా గుర్రం ముసలిది. మళ్ళీ కిందికి దించితే ఇవాళ ఎక్కలేదు. నేను పైకొచ్చేదాకా ఆగు. గంట ఆగితే నీ మీసాలేం రాలిపోవులే.”

గంట. వెనకగదిలో కూతురు ఎల్సీ ఊపిరి ఈలలా వినిపిస్తోంది. ఐదేళ్ళ పిల్ల గొంతు లోపల్నుంచి పూడుకుపోతోంది. పొద్దున పాదిరీగారు వచ్చి చూసి, ప్రార్థన చేసి వెళ్ళారు. డాక్టరు ఉన్నది కొండకింద స్టాక్టన్ ఊళ్ళో. గిల్బర్ట్ బండి ఇప్పుడు కదిలితేనే పిల్ల ఆయన చేతికి అందుతుంది. కానీ ఆ సంగతి వీళ్ళకు తెలిస్తే కన్నతల్లి తీర్పును ఎవరొప్పుకుంటారు? అందుకే గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

ఈనక్ స్తంభం దాటడం ఆమె కళ్ళారా చూసింది.

“దాటలేదు,” అంది.

ఈనక్ ఒక అడుగు లోపలికి వేశాడు. “దేవుడి మీద ఒట్టేసి చెప్పు అక్కా.”

“ఇన్నాళ్ళూ ఉత్త మాటే సరిపోయిందిగా మీకు?”

గిల్బర్ట్ నవ్వాడు. “విన్నావుగా. పద, వెనక్కి తోలు.”

ఈనక్ అతనివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “అక్కా, ఒక్కసారి ఇలా బయటికి రా. నీతో ఒక మాట చెప్పాలి.”

ఆ మాటేమిటో ఆమెకు తెలుసు. అబద్ధమాడావంటాడు. ఒంటరిగా అతని కళ్ళలోకి చూస్తే తను నిలబడలేదు.

“ఉన్నదేదో ఇక్కడే చెప్పు.”

“ఇతని ముందు చెబితే నా పిల్లల కూడు పోతుంది.”

“అదేంట్రా,” అన్నాడు గిల్బర్ట్, “నేను వినకూడని భాగోతం ఏముంది? కంపెనీవాళ్ళకు చెప్పనా?”

ఈనక్ వెనుదిరిగాడు. టోపీ నలుపుకుంటూ వాలు దిగిపోయాడు.

అతను మరుగవగానే థామసిన్ పిల్లను శాలువాలో చుట్టి తెచ్చి బండెక్కింది. పిల్ల నీలిబారిన పెదవులు చూసి గిల్బర్ట్ నవ్వు మాయమైంది.

“వాడు దాటాడు కదూ?”

ఆమె శాలువాను పిల్ల చుట్టూ ఇంకా దగ్గరికి లాగింది. అతను మళ్ళీ అడగకుండా గుర్రాన్ని అదిలించాడు.

కింద పక్కపట్టా మీద ఖాళీ పెట్టెలు నిలబడి ఉన్నాయి. ఈనక్ చివరి పెట్టెకు వీపు ఆనించి, అందులోని గోనెపట్టాల మీద రెండు చేతులూ అదిమి పట్టి నిలబడ్డాడు. అతని చూపంతా గిల్బర్ట్ మీదే ఉంది. థామసిన్ సిగ్గుతో తల అటు తిప్పుకుంది. ఎల్సీ ఊపిరి ఒకటి ఆగి, చాలాసేపటికి మరొకటి వచ్చింది.

“ఇంకొంచెం దూరమే బంగారూ. డాక్టరుగారు చూస్తారు. ఇంకొంచెమే.”

స్టాక్టన్‌లో డాక్టరు ఇంటి తలుపును ఆమె పిడికిలితో బాదింది. డాక్టరు భార్య తీసింది.

“ఎక్కణ్ణుంచమ్మా?”

“కొండమీద పబ్బు మాది. నా బిడ్డకి ఊపిరాడటం లేదు. అయ్యగారిని త్వరగా పిలవండి తల్లీ.”

ఆ మాటకు డాక్టరు భార్య తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

“మీ పాదిరీగారి కబురు అందగానే ఆయన మీ ఇంటికే బయల్దేరారమ్మా. నడవలేని మనిషి కదా, వేరే బండి దొరక్క, బొగ్గుబళ్ళలో మనుషుల్ని ఎక్కిస్తే పని పోతుందన్న ఈనక్‌ని బతిమాలుకుని, వాడి చివరి పెట్టెలో గోనెల కింద దాక్కుని వెళ్ళారు.”