చివరి షాట్ గుమ్మడికాయ

గోడను అడిగితే చాలు, అన్నం ఉడికేలోపు కొత్త సినిమా తీసి చూపించే రోజులవి. పాత కెమెరాల్లో పిచ్చుకలు గుడ్లు పెడుతున్నాయి. డైరెక్టర్ పుండరీకం మాత్రం, ఆగిపోయిన తన పన్నెండో సినిమాకు ఒక్క షాటే మిగిలిందని, షూటింగ్ ఆఖరున కొట్టాల్సిన గుమ్మడికాయను బీరువా మీద దాచాడు. కుళ్ళినప్పుడల్లా మార్చగా, ఇది ఇరవయ్యో కాయ.

"ఆ షాట్ నేను తీసిపెట్టనాండీ?" అంది గోడ.

"నువ్వు తప్పు లేకుండా తీస్తావు. అదే నాకు గిట్టదు."

భార్య వరాలమ్మ గరిటె పక్కన పెట్టి గుమ్మంలో నిలబడింది. "నేను చేస్తాలెండి. ఇవాళైనా ఆ కాయ కొట్టేద్దురుగాని. ఏం చెయ్యాలి?"

"ఇల్లు విడిచిపోతున్న మొగుణ్ణి వెనక్కి పిలవాలి."

ఆయన తన పాత కెమెరా దులిపి ఆన్ చెయ్యగానే, "ఏవండీ..." అని పిలిచింది.

అంతకంటే బాగా ఇంకెవరూ పిలవలేరు. ఆయన కళ్ళు తుడుచుకుని, కాయ వైపు ఓసారి చూసి, "వన్ మోర్" అన్నాడు.