పన్నెండు పుక్కిళ్లు

"పద్నాలుగు పళ్లు తీసెయ్యాలండీ" అంది పళ్ల డాక్టరు ఇరమ్, ఎక్స్‌రే వెలుతురులోకి ఎత్తి చూస్తూ.

శ్రీరామచంద్రమూర్తి గారు కుర్చీలో లేచి కూర్చున్నారు. పెంటపాడు గుళ్లో ముప్ఫయ్యేళ్లుగా అర్చకత్వం ఆయనది. ఆయన మంత్రం చెబుతుంటే, గంట కొట్టడం మరిచిపోయి వినేవాళ్లున్నారు. ముందు పళ్లు పోతే త, ద, న పలికేదెలా? ఒక్క పన్ను పీకించుకు పోదామని తాడేపల్లిగూడెం వచ్చిన మనిషి.

"కట్టుడు పళ్లు పెడతానుగా" అందామె.

"అన్నం నమలడానికి సరేనమ్మా, స్వరానికి పనికిరావు. అసలు నాకెందుకొచ్చింది? పొగాకు ముట్టను, కిళ్లీ ఎరగను."

"రోజూ తోముకుంటున్నారా?"

ఆయన తల వంచుకుని జరిగిందంతా చెప్పారు. మూడేళ్ల కిందట తోముతుంటే చిగుళ్లలోంచి రక్తం వచ్చింది. రక్తం కారితే మైల, గర్భగుడిలో అడుగుపెట్టకూడదు. పళ్లు తోమకూడని తిథుల్లో పన్నెండు పుక్కిళ్లు నీళ్లు ఉమిస్తే చాలని శాస్త్రం ఉండనే ఉంది. ఏకాదశి నియమం కాస్తా ఏడాది పొడుగునా సాగింది. రక్తం కనబడటం మానేసింది. దేవుడే దారి చూపాడనుకున్నారు పాపం.

"ఎంత పని చేశారండీ! అప్పుడే ఇంకా శ్రద్ధగా తోమాల్సింది" అంది ఇరమ్. "నోట్లో క్రిములు వందల రకాలు. విడివిడిగా ఉన్నప్పుడు చాలావరకు నెమ్మదైనవే. తోమకపోతే పాచిలో పక్కపక్కనే కాపురం పెడతాయి. ఒకటి వదిలిన పదార్థం తగిలి ఇంకోదాని జీన్స్ పనిచేసే తీరు మారిపోతుంది. నిద్రపోతున్న జీన్స్ లేస్తాయి. నెమ్మదిగా ఉన్న క్రిమి కూడా చిగుళ్ల మీద పడుతుంది."

"ఆరునెలలు సావాసం చేస్తే వారు వీరవుతారన్నమాట."

"అంతేనండీ. రోజూ తోమితే ఆ సావాసం కుదరదు."

ఆయనకి ఏడుపొచ్చింది. మడి కాపాడుకుంటున్నానని మురిసిపోతూ, మంత్రం పలికే నోటిని తనే పాడుచేసుకున్నారు. ఎవర్నైనా ఒక్కమాట అడగాల్సింది. సిగ్గుపడి ఊరుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

బయట బైకు దగ్గర కొడుకు ఫణికిరణ్ నిలబడి ఉన్నాడు. నాలుగేళ్లుగా తండ్రి పక్కనే కూర్చుని అర్చన నేర్చుకుంటున్నాడు. కంచులాంటి గొంతు. వాణ్ని చూడగానే ఆయన ప్రాణం కాస్త కుదుటపడింది.

"నా పళ్లు పోతున్నాయిరా ఫణీ. ఇక స్వామికి నీ గొంతే దిక్కు."

"బెంగపెట్టుకోకండి నాన్నగారూ. మీ పద్ధతి ఒక్కటీ తప్పను" అన్నాడు ఫణికిరణ్, తండ్రి చెయ్యి పట్టుకుని. "రెండేళ్ల కిందట నాకూ చిగుళ్లలో రక్తం కనబడింది. మిమ్మల్ని చూసి ఆరోజే బ్రష్ అవతల పారేశాను. అప్పట్నుంచి నేనూ పన్నెండు పుక్కిళ్లే."