రెండు పేర్ల చెట్టు

“ఇంతకీ ఆ చెట్టుకి నా పేరు పెట్టినావా, లేదా?” రొయ్యలు ఒలుస్తూ అడిగింది ముసలమ్మ.

లాప్‌టాప్ ముందు కూర్చున్న కూతురు రోజా తల ఎత్తలేదు. అమెరికా అడవుల్లో పెరిగే, దాల్చినచెక్క కుటుంబానికి చెందిన చెట్లలో ఏది ఏదో తేల్చడం ఆమె పరిశోధన. కొత్త చెట్టు దొరికితే అమ్మ పేరు పెడతానని పోయిన సెలవుల్లో మాటిచ్చింది. ఆ మాట పక్కనున్న తడ ఊరి దాకా పాకింది.

“కొత్తది దొరకలేదమ్మా. పైగా ఉన్న పేరే ఒకటి కొట్టేయాల్సొచ్చింది.”

“ఏం పాపం జేసిందే అది?”

“సన్నాకు చెట్టొకటి, వెడల్పాకు చెట్టొకటి అని నూరేళ్ళ కిందట రెండు పేర్లు పెట్టినారు. పూలు విప్పి చూస్తే రెండూ ఒకటే. లేత చెట్టుకి ఆకు సన్నం, ముదిరితే వెడల్పు. అంతే.”

రోజా గొంతు తగ్గింది. రెండేళ్ళ శ్రమకు మిగిలింది ఇదేనా అని ఆమె దిగులు.

ముసలమ్మ చేతిలో రొయ్య ఆగిపోయింది. “కొర్రమీను పిల్లప్పుడు ఎర్రగా ఉంటాది, పెరిగితే నల్లబడతాది. రెండు చేపలంటే నవ్వరా? అంత చదివినోళ్ళు నూరేళ్ళూ కనుక్కోలేదా?”

“లేదు.”

“నువ్వు కనుక్కున్నావా?”

ఆ సంగతి ఇంతవరకు తనకు తట్టనే లేదు. రోజాకు నవ్వొచ్చింది. “అవును, నేనే.”

“ఓ మస్తానమ్మొదినా!” ముసలమ్మ వీధిలోకి కేకేసింది. “మా రోజా పెద్ద పెద్దోళ్ళ తప్పు పట్టుకునింది!”

తిరిగి కూతురిని అడిగింది. “ఇట్టాంటివి ఇంకా ఎన్నుండాయే?”

“వందల చెట్లుండాయమ్మా. ఎన్నింటికి రెండేసి పేర్లుండాయో!”

“అయితే లెయ్. రెండు ముద్దలు తిని మళ్ళీ కూర్చో.”