అమారో నిలబడే చోటు

“అక్కడ తప్ప ఇంకెక్కడైనా నిలబడు,” అన్నాడు ఎరలమ్మే కొట్టతను.

“ఎందుకని?” అడిగాడు వెర్నన్.

“అది అమారో చోటు. మేమెవరమూ అటు వెళ్ళం.”

అంతే చెప్పి అతను అటు తిరిగి ఎరల డబ్బాలు సర్దుకోసాగాడు. కొట్టులో కాఫీ తాగుతున్న ఇద్దరు ముసలి జాలర్లు కూడా తలలు తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. వెర్నన్‌కి లోపల నవ్వొచ్చింది. చేపలున్న చోటు పరాయివాడికి ఎవరు మాత్రం చెబుతారు?

అతను వూస్టర్ ఊళ్ళో బస్సు డ్రైవరు. ఏడేళ్ళుగా ప్రతి అక్టోబరులోనూ సెలవు పెట్టి కేప్ కాడ్ సముద్రతీరానికి వస్తున్నాడు. చారల బాస్ చేపలు చలికి జడిసి దక్షిణానికి తరలిపోయే రోజులవి. ఒడ్డున నిలబడి, విరిగిపడే అలల మీదుగా గేలం విసిరి, మనిషి నడుమెత్తు చేపను ఒక్కదాన్నైనా లాగాలని అతని కోరిక. ఏడేళ్ళలో దక్కినవన్నీ మూరెడు పిల్లచేపలే. ఈ సోమవారం అతని కుడి భుజానికి ఆపరేషను. ఆ తరువాత గేలం మాట మరిచిపొమ్మని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఇవాళ శనివారం. చీకటి పడేలోగా తిరుగు ప్రయాణం.

తీరంలో దక్షిణం వైపు పక్షులు నీళ్ళమీద పడి అరుస్తున్నాయి. వాటికెదురుగా పాతికమంది భుజాలు రాసుకుంటూ గేలాలు విసురుతున్నారు. ఉత్తరం వైపు అరమైలు మేర ఖాళీ. ఆ ఖాళీలో ఒకే ఒక్క మనిషి. వెర్నన్ అటే నడిచాడు.

అమారోకి అరవై దాటి ఉంటాయి. రోజుల తరబడి గీయని గడ్డం, ఉప్పుగాలికి ఎర్రబడిన కళ్ళు. దారం కోసి వేళ్ళు పగిలి ఉన్నాయి. పక్కన నిలబడవచ్చా అని వెర్నన్ మర్యాదగానే అడిగాడు. అతను తల తిప్పకుండా, నలభై అడుగులు ఎడంగా ఉండమన్నాడు. మళ్ళీ తనే అన్నాడు.

“నీళ్ళలోకి మాత్రం దిగకు. కాళ్ళకింద ఇసుక ఉన్నట్టుండి జారిపోతుంది.”

చేప దగ్గరికి రానివ్వకుండా బెదిరిస్తున్నాడనుకున్నాడు వెర్నన్. ఒప్పుకున్నట్టే తలూపి, ఓరకంట అతని పనితనాన్ని గమనించసాగాడు. అమారో గేలానికి ఎర లేదు. పెద్ద సీసం గుండు, దాని పైన మూడు బలమైన కొక్కేలు. విసిరి, గుండు అడుగుకి దిగేదాకా ఆగి, నేలను తడుముతున్నట్టు మెల్లగా లాగుతున్నాడు. కొక్కేలకి నాచు చిక్కుకుని వస్తే పోగుపోగూ విప్పి చూసి పారేస్తున్నాడు. ఒక్క అడుగు పక్కకి జరిగి మళ్ళీ విసురుతున్నాడు. విసిరిన ప్రతిసారీ పెదవులు కదులుతున్నాయి.

ఇదన్నమాట కిటుకు, అనుకున్నాడు వెర్నన్. ఎర తీసేసి తనూ గుండు కట్టాడు. ఒక గంట. రెండు గంటలు. భుజంలో నిప్పు పోసినట్టుంది. చెయ్యి పైకి లేవనని మొరాయిస్తుంటే ఎడమచేత్తో ఎత్తిపట్టుకుని విసిరాడు. ఇంకొక్కటి, ఇంకొక్కటి అని తనను తాను బతిమాలుకున్నాడు. నాచు తప్ప ఏమీ రాలేదు.

మధ్యాహ్నం మూడవుతుండగా అమారో గేలంకర్ర వంగింది. కుదుపేమీ లేదు, ఉత్త బరువు. అతను ఇసుకలో మోకాళ్ళమీద పడిపోయాడు. దారం తెగుతుందేమోనన్నట్టు అంగుళం అంగుళం చొప్పున రీలు తిప్పుతున్నాడు.

“మెల్లగా రా తల్లీ,” అంటున్నాడు. “నేనున్నాగా. మెల్లగా వచ్చెయ్.”

వెర్నన్ తన గేలం పడేసి పరుగెత్తుకొచ్చాడు. అంతలో దారం చర్రున పక్కకి దూసుకుపోయింది. నీళ్ళు చిమ్ముకుంటూ తోకొకటి లేచి పడింది. వెర్నన్ కేక పెట్టాడు. అమారో మాత్రం ఎవరో కొట్టినట్టు తల వాల్చేశాడు. ఆ తరువాత రీలు గబగబా చుట్టి, పని వదిలించుకునేవాడిలా చేపను ఒడ్డుకి ఈడ్చాడు.

నలభై పౌండ్లకు తక్కువుండదు. వెండి ఒంటిమీద నల్లటి చారలు తళతళలాడుతున్నాయి. వెర్నన్ దానిమీద చెయ్యి వేసేలోపే అమారో డొక్కలో దిగిన కొక్కెం ఊడబెరికి, వచ్చే అలలోకి తోసేశాడు. చేప వెళ్ళిపోయింది.

వెర్నన్ అతని మీద విరుచుకుపడ్డాడు. తన ఏడేళ్ళ సంగతి, భుజం సంగతి, ఇదే ఆఖరి రోజన్న సంగతి అన్నీ వెళ్ళగక్కాడు. ఒక్క నిమిషం చేతుల్లో పెట్టివుంటే నీ సొమ్మేం పోయేదని నిలదీశాడు.

“నాక్కావలసింది అది కాదయ్యా,” అన్నాడు అమారో.

“మరేంటి? తిమింగలమా?”

అమారో ఒక్క అడుగు పక్కకి జరిగి మళ్ళీ విసిరాడు.

వెర్నన్ కూడా పడేసిన గేలం తీసుకుని విసరబోయాడు. చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు. అక్కడే కూలబడి, ఎవరు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా ఏడ్చాడు.

కాసేపటికి ఇసుకదిబ్బ దిగి ఒక పెద్దావిడ వచ్చింది. పేరు ఫిలోమెనా, అమారో భార్య. ఫ్లాస్కులోంచి వేడి ఆకుకూర సూపు మూతలోకి వంచి భర్తకి అందించబోయింది. అతను వద్దని తల అడ్డంగా ఊపాడు. ఆమె బలవంతపెట్టలేదు. ఆ సూపు తెచ్చి వెర్నన్ చేతిలో పెట్టి, అతని పక్కనే ఇసుకలో కూర్చుంది.

“మీ ఆయన అంత చేపని వదిలేశాడమ్మా,” అన్నాడు వెర్నన్. “కళ్ళతో అయినా చూడలేదు. ఇంకెంత పెద్దది పడితే ఇంటికొస్తాడట?”

ఆమె అలలకేసి చూసింది.

“ఈ నీళ్ళలో పోయిన మా అమ్మాయి ఇంకా దొరకలేదు బాబూ.”