గట్టు రోడ్డు

ఉప్పుటేటి గట్టున సర్పంచి దానయ్య రోడ్డు వేయించకపోవడం వల్లే పోలయ్య భార్య నూకాలు పాము కాటుకి చచ్చిపోయింది.

ఇప్పుడు ఊరు పెరిగింది. వెయ్యబోయే రోడ్లని కంప్యూటరు లెక్కగట్టి ముందే పంచాయతీ గోడ మీద సినిమాలా చూపిస్తోంది. ఏ రోజు కోరితే ఆ రోజుటి వానా, సముద్రప్పోటూ, బళ్ళూ. ఆడవాళ్ళు చేపల తట్టలు దించుకుని మరీ చూస్తున్నారు.

“గట్టు రోడ్డే వెయ్యాలి. నూకాలు పోయిన రోజు పెట్టండి,” అన్నాడు పోలయ్య.

“ఆ రోజు పెట్టించి నేను చూశాను. వద్దు బావా,” అన్నాడు దానయ్య.

“భయమా?”

ఆ రోజే పెట్టారు. గోడ మీద అంబులెన్సు గట్టు రోడ్డెక్కింది. పోలయ్య మెడ సాచి చూశాడు. సగం దారిలో పోటు నీళ్ళు రోడ్డుని మింగేశాయి. బండి ఆగిపోయింది.

“ఇసకదిబ్బ మీంచి వెయ్యండి,” అన్నాడు పోలయ్య.

“అక్కడి నీ జీడితోట పోద్ది.”

“పోనీ. ఇంక ఆ గట్టు రోడ్డు ఊసు నా దగ్గర ఎత్తకండి.”

తానూ మళ్ళీ ఎత్తలేదు.