ఐదో అక్షరం దగ్గర అమ్మ

లంచ్ టైములో ఫోన్ తెరిచిన హర్షిణి క్యారియర్ పక్కకు నెట్టేసింది.

ఆఫీసుకు ఎదురుగా, పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ కెమెరాలో ఏడాదిన్నర కూతురు పింకీ, ఆయా చంకనెక్కి "అమ్మా... అమ్మా" అంటోంది.

ఇంట్లో నాన్నను పిలుస్తుంది, పక్కింటి కుక్కను కూడా పిలుస్తుంది. కన్నతల్లిని మాత్రం ఒక్కసారి అమ్మ అన్న పాపాన పోలేదు.

సాయంత్రం హర్షిణి ఆయా మీద విరుచుకుపడింది.

"నా బిడ్డతోని అమ్మ అని పిలిపించుకుంటున్నవా? ఏంది గంగమ్మా గిది?"

"గట్ల కాదు మేడం, జర నా మాట..."

"ఏం చెప్పకు!"

ఫిర్యాదు వెళ్ళింది. వారం తిరక్కుండానే గంగమ్మను మాన్పించారు. హర్షిణి మనసు కుదుటపడింది.

తర్వాత ఒక రోజు ఆఫీసులో పని తెమలక పక్క సీటు మధుకర్‌ను పిలిచింది.

"గీ దుకాణాల ఎక్సెల్ షీట్ జర చూడరాదూ? 'అమ్మ స్టోర్స్' ఒక్కటి కావాలంటే ఊరందర్ని పట్టుకొస్తున్నది."

మధుకర్ చూసి నవ్వాడు.

"సెర్చ్ ఫంక్షన్‌కు 'అమ్మ' అని ఇచ్చినవ్. దానికి మనుషులు తెల్వదు, అక్షరాలే తెలుసు. అగో, గంగమ్మ టిఫిన్స్. ఇంగ్లీషు స్పెల్లింగుల ఐదో అక్షరం కాడ అమ్మ దొరికిందని ఐదు చూపెడుతున్నది."

హర్షిణి చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

గంగమ్మ! నోరు తిరగని పిల్ల పేరు మొత్తం పలకలేక చివర పట్టుకుని పిలిచి ఉంటుంది. అంతమాత్రానికి ఎంత మాట అంది తను! తల కొట్టేసినట్టయింది.

ఉన్నపళంగా క్రెష్‌కు పరుగెత్తింది. నిర్వాహకురాలు రోహిణి ఎదురొచ్చింది.

"గంగమ్మ ఎక్కడుంటది మేడం?"

"గోపన్‌పల్లిలో ఉండేదండి. కిరాయి ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయిందట. ఫోన్ కూడా కలవట్లేదు."

"తప్పు నాదే. పింకీ గంగమ్మ అనరాక అమ్మ అన్నది."

రోహిణి తల అడ్డంగా ఊపింది.

"కాదండీ. పాప ఆవిణ్ణి 'గంగా' అనే పిలిచేది."

"మరి అమ్మ అన్నది ఎవరిని?"

ఈలోగా పింకీ తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి కిటికీ అద్దానికి రెండు చేతులూ ఆనించింది. ఎదుటి టవరు కేసి తలెత్తి గట్టిగా పిలిచింది.

"అమ్మా!"

ఆ టవర్లోనే హర్షిణి ఆఫీసు.

"గంగమ్మ రోజూ అన్నం వేళకు పాపను ఎత్తుకుని అక్కడే నిలబడేదండీ," రోహిణి గొంతు తగ్గించింది. "'అగో, మీ అమ్మ గా పైన ఉన్నది. పిలువు బిడ్డా, ఇనబడ్తది' అనేది. ఆ రోజు మీకు అదే చెప్పబోయింది. ఆవిణ్ణి మాన్పించాక మిగతా ఆయాలు చెబితే గాని మాకూ తెలియలేదు."

తల్లి వచ్చి తన వెనకే నిలబడిందని తెలియని పింకీ, ఇంకా ఆ అద్దాల మేడనే పిలుస్తోంది.

హర్షిణి కళ్ళు నిండిపోయాయి. ఇన్నాళ్ళూ ఆ పిలుపు తనదే. దాన్ని బిడ్డ నోట పలికించింది గంగమ్మ.