అడగకూడని ప్రశ్న

డెల్బర్ట్ స్కాగ్స్ కుర్చీని తన్నాడు. "నా వెనక నిలబడొద్దని చెప్పానా, లేదా!"

గార్డు క్లైడ్ అతని భుజం పట్టుకోబోయాడు. లైబ్రేరియన్ ఒర్లీన్ అడ్డం వచ్చింది. ఆమెకు ఆ ఏడే శిక్షణ ఇచ్చారు. మనసు చితికినవాళ్ళను తాకకూడదు. వెనక నిలబడకూడదు. 'నీకేమైంది' అని ఎప్పుడూ అడగకూడదు.

"కిటికీ దగ్గర కూర్చుంటారా, తలుపు కనిపించేలా కూర్చుంటారా? మీ ఇష్టం," అంది మెల్లగా.

అతను చల్లబడ్డాడు. లైబ్రరీ కార్డు రాయడానికి పేరడిగింది. చెప్పాడు. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు.

ఆ రోజు నుంచి ఒర్లీన్ అతని దగ్గరికి ఇంకెవర్నీ వెళ్ళనివ్వలేదు.

గనులు మూతపడ్డ ఆ కెంటకీ ఊళ్ళో, డబ్బు లేనివాడికి వెచ్చగా ఉండే చోటు లైబ్రరీ ఒక్కటే. చలికాలమంతా వచ్చాడు. ఏదైనా దబ్బున పడితే చెవులు మూసుకునేవాడు. ఒర్లీన్ మంచినీళ్ళు పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడేది.

"మీ చుట్టం వచ్చాడు, ఒర్లీనమ్మా," అని క్లైడ్ ఎకసెక్కాలాడేవాడు. ఆమె నవ్వేది కాదు.

ఫిబ్రవరిలో కళ్ళు పచ్చబడి వచ్చాడు.

"లివర్ పోయిందట. నెల కూడా కష్టమేనన్నారు. అందరూ నీకేమైందని పీక్కుతిన్నారమ్మా. నువ్వొక్కదానివే అడగలేదు. అందుకే నీకు చెప్తా."

"చెప్పకపోయినా ఫర్వాలేదు," అంది ఒర్లీన్ గబగబా.

అతను ఆగలేదు.

"తాగి లారీ నడిపా. ఆరేళ్ళ పిల్ల. టెస్సీ. పదకొండేళ్ళు జైల్లో ఉన్నా. వాళ్ళమ్మ కోర్టుకు ఒక్కరోజూ రాలేదు, మొహం కూడా తెలీదు. పాత కాగితాల్లో మిసెస్ రాట్లిఫ్ అని ఉంది. ఎక్కడుందో ఆ కంప్యూటర్లో చూసిపెట్టు. ఒక్క మాట చెప్పుకుని పోతా."

ఒర్లీన్ టైపు చేసింది. చాలాసేపు తెర వంకే చూసింది.

"దొరకడం లేదు."

"పోనీలే. నువ్వేం చేస్తావు," అంటూ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మూడు వారాలకు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. పొద్దున పోయాడట. చివరికి లైబ్రరీ నంబరొక్కటే ఇచ్చాడట. అయినవాళ్ళెవరైనా తెలుసా అని అడిగారు.

"తెలీదు," అని ఫోన్ పెట్టేసింది.

టెస్సీని కని, ఆ పేరు పెట్టుకున్నది ఒర్లీనే.